మారథాన్‌కీ బీరుకీ ఏమిటి చుట్టరికం?

మసాచుసెట్స్‌లో ఉండే మనవాళ్ళకి ఏప్రిల్ మూడో సోమవారం గురించి వేరే చెప్పక్కర్లేదు. పేట్రియట్స్ డే. ఆ రోజు బళ్ళుండవు, చాలా ఆఫీసులుండవు, మా ఆష్‌లాండ్‌లో అయితే ఇంట్లోంచి కారు తీసే పనే ఉండదు. పొద్దున్నే 135వ నంబరు రోడ్డు మూసేస్తారు. బాస్టన్ మారథాన్ హాప్‌కింటన్‌లో బయల్దేరి మా ఊరు, ఫ్రేమింగ్‌హామ్, నేటిక్ మీదుగా వెల్స్‌లీ దాకా, అంటే దాదాపు సగం దూరం, ఈ రోడ్డు మీదే సాగుతుంది. మనందరికీ తెలిసిన లక్ష్మీ అమ్మవారి గుడి ఉన్నదీ ఈ రోడ్డు మీదే. ఇంకో విషయం చాలామందికి తెలియదు. 1897లో మొట్టమొదటి పందెం మొదలైంది మా ఆష్‌లాండ్‌లోనే. 1924లో గాని అది హాప్‌కింటన్‌కి జరగలేదు. ఊరి గొప్ప చెప్పుకోవటానికి మాకున్నది అదొక్కటే కాబట్టి కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేస్తుంటాం.

క్రితం ఏడు ఆ సమయానికి మా అమ్మ ఆరు నెలలకని వచ్చి ఉంది. నెల్లూరు జిల్లాలో కలిగిరి దగ్గర పల్లెటూరు మాది. రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు, పైన శాలువా వేసుకుని మడతకుర్చీలో కూర్చుంది. ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో పులిహోర. ఆరో క్లాసు చదువుతున్న మా అమ్మాయి నారింజ తొనల ట్రే పట్టుకుని రోడ్డు అంచున నిలబడింది. ముందు చక్రాల కుర్చీల వాళ్ళు వెళ్ళారు, తర్వాత బాణాల్లా ముందువరస వాళ్ళు, ఆ తర్వాత జనం... ఏటా ముప్ఫై వేలమంది దాకా పరిగెత్తుతారు. గంట సేపు చూసి అమ్మ అడిగింది, "ఏందిరా అబ్బయ్యా, ఇంతమందీ ఎక్కడికి పోతన్నారు?"

"బాస్టన్‌కి."

"బస్సుల్లేవా?"

పక్కన నిలబడ్డ తెలుగువాళ్ళంతా నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. అసలు చిక్కు ఇంటికి నడిచి వస్తున్నప్పుడు వచ్చింది. దారిలో మందు షాపు అద్దం మీద పెద్ద పోస్టరు. మారథాన్ బొమ్మ, పక్కనే బీరు సీసా. మా అమ్మాయి చదివి నాయనమ్మకి చెప్పింది, ఇది ఈ పందెం కోసమే చేసిన బీరట అని. అమ్మ ఆగిపోయింది.

"ఈ పరుగుకి సారా కంపెనీవాళ్ళు డబ్బులిస్తన్నారా?"

"సారా కాదమ్మా, బీరు."

"ఏదైతే ఏంది?"

ఇంతలో మా అమ్మాయి అందుకుంది. "నాన్నా, మా హెల్త్ క్లాసులో ఆల్కహాల్ తాగితే సరిగ్గా పరిగెత్తలేరని చెప్పారు. మరి వీళ్ళెందుకు...?" నేను తండ్రులందరూ చెప్పే జవాబే చెప్పాను. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం అని. ఇంటికెళ్ళాక మర్చిపోయాను, లేదా మర్చిపోయినట్టు ఊరుకున్నాను.

అక్కడితో పోయేదే. కానీ ఈ ఏడాది మన అసోసియేషన్ వేసవి పిక్నిక్కులో పెట్టబోయే 5 కిలోమీటర్ల పరుగుకి స్పాన్సర్‌గా ఉంటామని, మాకు రెండు ఊళ్ళ అవతల ఉన్న ఒక చిన్న బ్రూవరీ నుంచి ఈమెయిల్ వచ్చింది. రెండు వేల డాలర్లు, అందరికీ టీ షర్టులు. కమిటీలో నేనూ ఉన్నాను. జవాబు రాసే పని నా మీద పడింది. అందుకని కొన్ని రాత్రులు కూర్చుని ఈ బీరూ, పరుగూ, చందాల సంగతి చదివాను. అందులో నాకు తెలిసినవి ఇక్కడ రాస్తున్నాను.

ఒకే రాత్రి, ఇద్దరు పెద్దమనుషులు

పిల్లలూ, ఈ కథ ముఖ్యంగా మీకు. 1775 ఏప్రిల్ 18 రాత్రి. బాస్టన్‌లో ఉన్న బ్రిటిష్ సైన్యం కాంకర్డ్‌లో దాచిన ఆయుధాలు పట్టుకోవటానికి బయల్దేరుతోంది. ఇంగ్లీషువాళ్ళకి కంట్లో నలుసుల్లా ఉన్న ఇద్దరు నాయకులు అప్పుడు లెక్సింగ్టన్‌లో ఒక పాదరీ గారింట్లో తలదాచుకుని ఉన్నారు. వాళ్ళని హెచ్చరించటానికే పాల్ రివీర్ గుర్రమెక్కి రాత్రికి రాత్రి పరుగెత్తాడు. మీరు స్కూల్లో చదువుకున్నదే. మర్నాడు పొద్దున లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలాయి. పేట్రియట్స్ డే ఆ రోజు గుర్తుగానే.

ఆ ఇంట్లో దాక్కున్న ఇద్దరూ ఎవరు? జాన్ హాంకాక్, శామ్యూల్ ఆడమ్స్.

ఇప్పుడు తమాషా చూడండి. 1862లో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ జాన్ హాంకాక్ పేరు పెట్టుకుంది. 1980లలో ఒక బీరు కంపెనీ తన సరుక్కి శామ్యూల్ ఆడమ్స్ పేరు పెట్టుకుంది. ఆ ఇద్దరు నాయకులకీ ఈ కంపెనీలతో ఏ సంబంధమూ లేదు. అయినా రెండు కంపెనీలూ వచ్చి ఆ లెక్సింగ్టన్ పోరు జ్ఞాపకంగా సెలవిచ్చే రోజున జరిగే పందేనికే స్పాన్సర్లుగా చేరాయి. పాపం శామ్యూల్ ఆడమ్స్ బీరు కాచి పేరు తెచ్చుకున్నవాడు కూడా కాదు. వాళ్ళ నాన్నది మాల్టు తయారుచేసే వ్యాపారం. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి బీరు కాచేవాళ్ళకి అమ్మటం. మనం రాగులు మొలకెత్తించి పిల్లలకి జావ కాస్తాం చూడండి, మొదటి అంకం అచ్చం అదే. ఆ వ్యాపారాన్ని ఆడమ్స్ గారు బాగా నడపలేకపోయారు. రాజకీయాల్లో మాత్రం రాణించి గవర్నరు దాకా వెళ్ళారు.

డబ్బంటే మొహం తిప్పుకున్న పందెం

బాస్టన్ మారథాన్ నడిపేది బాస్టన్ అథ్లెటిక్ అసోసియేషన్, 1887లో పుట్టిన సంస్థ. దాదాపు తొంభై ఏళ్ళు ఈ పందెంలో గెలిచినవాళ్ళకి పైసా ఇవ్వలేదు. తలమీద ఆకుల కిరీటం, ఒక పతకం, పరుగు అయ్యాక గిన్నెడు గొడ్డుమాంసం కూర. ఆ కూర అప్పట్లో బాస్టన్‌లో పెద్ద సంప్రదాయం. మన శాకాహారులెవరూ అప్పుడు పరిగెత్తకపోవటం వాళ్ళ అదృష్టం.

1980ల మొదట్లో న్యూయార్క్, చికాగో పందేలు డబ్బులిచ్చి మేటి పరుగువీరుల్ని లాక్కోవటం మొదలుపెట్టాయి. బాస్టన్ వెలవెలబోయింది. 1981లో పందేనికి స్పాన్సర్లని వెతికే హక్కుని బయటి కంపెనీకి కట్టబెడుతూ ఒక ఒప్పందం జరిగింది. దానిమీద గొడవై, కోర్టుకెక్కి, చివరికి 1984లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం అది చెల్లదంది. తర్వాత 1986 నుంచి జాన్ హాంకాక్ కంపెనీ డబ్బుతో మొదటిసారి నగదు బహుమతులు వచ్చాయి. ఆ బంధం 2023 దాకా నడిచింది. 2024 నుంచి ఆ స్థానంలోకి బ్యాంక్ ఆఫ్ అమెరికా వచ్చింది. మన ఐటీ వాళ్ళం కూడా తక్కువ తినలేదు. న్యూయార్క్ మారథాన్ పేరుకి ముందు 2014 నుంచి, లండన్ మారథాన్ పేరుకి ముందు 2022 నుంచి టి.సి.ఎస్. చేరింది. మన హైదరాబాద్ మారథాన్‌కి ఇటీవలి ఏళ్ళలో ఇనుప ఖనిజం తవ్వే ఎన్.ఎం.డి.సి. పేరు పెట్టారు. ఇనుముకీ పరుగుకీ ఏమిటి సంబంధం అని ఎవరూ అడగలేదు. బీరు దగ్గరే అడుగుతాం. అడగాలి కూడా. అయితే అడిగే ముందు ఆ వచ్చినవాళ్ళెవరో తెలుసుకోవాలి.

మిల్లు బట్ట, చేనేత బట్ట

'క్రాఫ్ట్ బీర్' అన్న మాటని అమ్మకి ఎలా చెప్పాలా అని ఆలోచించి, చివరికి చేనేతతో పోల్చాను. ఒకప్పుడు అమెరికాలో ఊరూరా బీరు కాచే కుటుంబాలుండేవి. 1920 నుంచి 1933 దాకా దేశమంతటా అమలైన మద్యనిషేధం చాలామందిని ముంచేసింది, మిగిలినవాళ్ళని పెద్ద కంపెనీలు మింగేశాయి. 1970ల చివరికి దేశం మొత్తమ్మీద నూరు బ్రూవరీలు కూడా మిగల్లేదు. అంతా మిల్లు సరుకు. ఆ తర్వాత ఇళ్ళల్లో బీరు కాచుకోవటానికి చట్టం ఒప్పుకోవటంతో కుర్రాళ్ళు గరాజుల్లో ప్రయోగాలు మొదలుపెట్టారు. సరిగ్గా మన సాఫ్ట్‌వేర్ కంపెనీలు పుట్టినట్టే. ఇవాళ ఈ దేశంలో బ్రూవరీలు తొమ్మిది వేల పైచిలుకు.

ఆ కథలో మొదటి వరసలో ఉన్నవాడు జిమ్ కుక్ (ఇంగ్లీషులో రాసేటప్పుడు కోచ్ అన్నట్టు ఉంటుంది, పలకటం మాత్రం కుక్). హార్వర్డ్‌లో మూడు డిగ్రీలు చదివి బాస్టన్‌లో పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ, అది వదిలేసి 1984లో బీరు కంపెనీ పెట్టాడు. వాళ్ళది తరతరాలుగా బీరు కాచే వంశం. బ్రూవరీలు ఒక్కొక్కటే మూతపడటం చూసి ఆయన తండ్రి ఆ వృత్తి వదిలేశాడు. ముత్తాత తండ్రి నాటి తయారీ పద్ధతి రాసిన కాగితాలు అటకమీద దొరికితే, వాటితో వంటింట్లో మొదలుపెట్టాడు. సీసాలు బ్రీఫ్‌కేసులో పెట్టుకుని ఒక్కో బారుకీ తిరిగాడు. 1985 ఏప్రిల్‌లో సరిగ్గా పేట్రియట్స్ డే నాడు బాస్టన్‌లో దాన్ని విడుదల చేశాడు. కన్సల్టెంటు ఉద్యోగం వదిలి గరిటె పట్టుకున్నాడంటే, నాలాంటివాడికి కొంచెం అసూయ కలగక మానదు.

1995లో ఆ కంపెనీ షేర్లు అమ్మినప్పుడు బీరు పెట్టెల మీద కూపన్లు అంటించి, తాగేవాళ్ళకే షేరు 15 డాలర్ల చొప్పున 33 షేర్లు ఇచ్చారు. వాల్ స్ట్రీట్ పెద్దలు అంతకన్నా ఎక్కువ పెట్టి కొనుక్కున్నారు. 'మేం మీవాళ్ళం' అనిపించుకోవటంలో వీళ్ళ తెలివి అలాంటిది.

పెద్ద కంపెనీలతో ఆటల దగ్గర తలపడటం చిన్నవాళ్ళ తరం కాదు. సూపర్ బౌల్ ప్రసారంలో దేశమంతటా మద్యం ప్రకటన వేసే హక్కు 1989 నుంచి 2022 దాకా ఒక్క ఆన్‌హైజర్-బుష్ చేతిలోనే ఉంది. ఇంకెవరూ కొనటానికి లేదు. దానికి విరుగుడుగా శామ్ ఆడమ్స్ వాళ్ళు 2021లో బాస్టన్, న్యూయార్క్ ప్రాంతాల స్థానిక టీవీలో మాత్రం ప్రకటన కొని, పోటీ కంపెనీ ప్రకటనల్లో కనిపించే గుర్రాల్లాంటివాటిని బండి నుంచి విప్పేసి ఊరంతా పరిగెత్తించారు! మా పిల్లలు ఆ ప్రకటన చూసి పడీపడీ నవ్వారు. ఆ నవ్వు సంగతి మళ్ళీ చెబుతాను.

మారథాన్ అలా కాదు. అది ఊరిది. స్టేడియం లేదు, టిక్కెట్టు లేదు, దాని ప్రేక్షకులు దాని పక్కనే కాపురముంటారు. చిన్న బ్రూవరీకి ఇంతకన్నా అనువైన ఆట ఏముంది? డబ్బు కొంత, సరుకు కొంత ఇస్తే చాలు. 2012లో శామ్ ఆడమ్స్ వాళ్ళు ఈ పందెం కోసమే '26.2 బ్రూ' అని ఒక బీరు చేశారు. మారథాన్ 26.2 మైళ్ళు కదా. జర్మనీలో గోస్లార్ అనే ఊరి నుంచి వచ్చిన 'గోజె' అనే పాత రకం అది. గోధుమలు, ఉప్పు, ధనియాలు వేసి, పెరుగు తోడుకోవటానికి పనికొచ్చే సూక్ష్మజీవుల బంధువులతోనే పులియబెడతారు. ఇది చదవగానే నాకు నవ్వొచ్చింది. పుల్లగా, ఉప్పగా, ధనియాల వాసనతో ఎండలో పరిగెత్తి వచ్చినవాడికి ఇచ్చేది... అమ్మ చేత్తో చేసిన మజ్జిగలో సారాయి కలిపితే ఇంచుమించు ఇదే కదా! 2013లో ముగింపు గీత దగ్గర బాంబులు పేలి ముగ్గురు చనిపోయి, వందలమంది గాయపడ్డప్పుడు, ఆ బీరు మీద వచ్చే లాభం బాధితుల సహాయానికి ఇస్తామన్నారు. ఊరి కష్టంలో ఊరితో నిలబడ్డారన్న పేరు వచ్చింది. ఆ పేరు పోస్టర్లతో వచ్చేది కాదు.

మరి చికాగోలో? అక్కడ మారథాన్ ముగించినవాళ్ళకి చాలా ఏళ్ళు గూస్ ఐలండ్ బీరు అందింది. 1988లో చికాగోలోనే చిన్న పబ్బుగా పుట్టిన బ్రూవరీ అది. అయితే 2011లో దాన్ని ఆన్‌హైజర్-బుష్ 3 కోట్ల 88 లక్షల డాలర్లకి కొనేసింది. సీసా మీద బాతు బొమ్మ అలాగే ఉంది, ఊరి పేరూ అలాగే ఉంది. యజమాని మాత్రం ఊరివాడు కాదు. అసలు క్రాఫ్ట్ అంటే ఎంత వరకూ అన్నదీ సాగే రబ్బరే. బ్రూవర్స్ అసోసియేషన్ లెక్కలో మొదట ఏడాదికి 20 లక్షల పీపాల వరకూ 'చిన్న' బ్రూవరీ. శామ్ ఆడమ్స్ కంపెనీ ఆ గీత దాటబోతోందనగా 2010-11 ప్రాంతంలో దాన్ని 60 లక్షలకి పెంచారు. మన లెక్కలో సుమారు 70 కోట్ల లీటర్లు! చేనేత సంఘంలో ఒకాయన మగ్గం మిల్లంత పెరిగితే, సంఘం వాళ్ళు బైలాలు మార్చి మిల్లు దాకా చేనేతే అన్నట్టుంది.

హెల్త్ క్లాసు మాట

మా అమ్మాయి అడిగినదానికి జవాబు. మీ టీచరు చెప్పింది నిజమే తల్లీ. ఆల్కహాల్ ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి తోసేస్తుంది. పరిగెత్తి చెమటలు కక్కినవాడికి కావలసింది దానికి పూర్తిగా వ్యతిరేకం. బీరు పరుగువాళ్ళకి మంచిదని ఎవరైనా అంటే, వాళ్ళు సాధారణంగా చూపించేది 2009 మ్యూనిక్ మారథాన్‌లో జర్మన్ డాక్టర్లు చేసిన అధ్యయనం. 277 మంది మగవాళ్ళకి పందేనికి మూడు వారాల ముందు నుంచి రెండు వారాల తర్వాత దాకా రోజూ లీటరు నుంచి లీటరున్నర పానీయం ఇచ్చారు. నిజంగా బీరు తాగినవాళ్ళకి జలుబు, దగ్గు లాంటివి తక్కువగా వచ్చాయి. కానీ అది ఆల్కహాల్ తీసేసిన బీరు! మేలు చేసింది ధాన్యంలోంచి వచ్చే పదార్థాలని వాళ్ళు భావించారు. ఆ అధ్యయనం వెనక ఒక బీరు కంపెనీ డబ్బు ఉందన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. బెర్లిన్ మారథాన్‌లో ముగింపు గీత దాటాక ఇచ్చేది ఆల్కహాల్ లేని బీరే. అమెరికాలో ఆ మాట పోస్టరు ఎక్కేసరికి మధ్యలో 'లేని' అన్నది జారిపోతుంటుంది.

ఇక పిల్లలు చూడటం సంగతి. ఈ దేశంలో 21 ఏళ్ళు నిండనిదే మద్యం కొనకూడదు. కానీ ప్రకటనల మీద ఉన్నది చాలావరకూ కంపెనీలు తమకు తాము రాసుకున్న నియమావళే. చూసేవాళ్ళలో నూటికి 70 మందికి పైగా ఆ వయసు దాటినవాళ్ళు ఉంటే ప్రకటన వెయ్యొచ్చు. మారథాన్ పరిగెత్తేవాళ్ళకి 18 నిండాలి కాబట్టి పరిగెత్తేవాళ్ళ లెక్క సరిపోతుంది. రోడ్డు పక్కన నారింజ తొనలు పట్టుకున్నవాళ్ళ వయసు ఎవరు లెక్కపెడతారు? ఇండియాలో టీవీలో మద్యం ప్రకటనలు నిషేధం కాబట్టి మంచినీళ్ళ సీసా, సోడా, మ్యూజిక్ సీడీ పేరుతో అదే పేరు, అదే రంగు చూపిస్తారు. 2008లో ఐ.పి.ఎల్. మొదలైనప్పుడు బెంగళూరు జట్టుకి విస్కీ పేరు పోలిన పేరు పెట్టారు. మన మేనల్లుళ్ళంతా ఆ పేరున్న చొక్కాలు వేసుకు తిరిగారు. ఇంకోవైపు 2022లో ఖతార్ వాళ్ళు ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు మొదలవటానికి రెండు రోజుల ముందు స్టేడియాల దగ్గర బీరు అమ్మకం ఆపేశారు. కోట్లు కట్టిన బడ్వైజర్ తెల్లబోయింది. అంతకుముందు బ్రెజిల్‌లో దీనికి తిరగబడింది. స్టేడియాల్లో బీరు నిషేధం ఉంటే, 2014 ప్రపంచ కప్పు కోసం చట్టాన్నే సడలించుకున్నారు.

అమ్మ చెప్పింది

ఇదంతా చదివి, కమిటీకి రాసే ముందు ఇండియాకి ఫోను చేసి అమ్మతో మాట్లాడాను. 1992లో నాకు పన్నెండేళ్ళు. మా ఊరికి దగ్గర్లోనే దూబగుంట. అక్షరదీపం బడుల్లో రాత్రిళ్ళు చదువుకున్న ఆడవాళ్ళు, రోశమ్మ గారి వెనక నడిచి సారా దుకాణం మూయించిన ఊరు. ఆ సెగ ఊరూరికీ పాకింది. మా ఊళ్ళో చీపుళ్ళు పట్టుకుని, కారప్పొడి కొంగున కట్టుకుని వెళ్ళినవాళ్ళలో అమ్మ ఉంది. ఆ దుకాణంలో మా నాన్నకి ఖాతా ఉంది. ఇది మా ఇంట్లో ఎప్పుడూ పెద్దగా మాట్లాడుకోని విషయం. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆపేశారు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లోనే పోయింది. నాన్న పూర్తిగా మానేశాడని చెప్పలేను. తగ్గించాడు. నా పరీక్ష ఫీజు అప్పు చెయ్యకుండా కట్టిన మొదటి ఏడు అది.

అమ్మ కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. "తాగేవాళ్ళు తాగుతారు, వాళ్ళిష్టం," అంది. తర్వాత కొంచెం ఆగి అడిగింది, "మనూరి తిరనాళ్ళలో కబడ్డీ పోటీలకి కప్పులు ఎవరిచ్చేవోళ్ళో నీకు గుర్తుందా?"

నాకు గుర్తులేదు.

"సారా కాంట్రాక్టరే. మైకు సెట్టూ ఆయన్దే. మనూరోడే, మంచోడే. ఏ ఇంట్లో చావొచ్చినా వొచ్చి నిలబడేవోడు. అందుకే దుకాణం మీదకి పోవాలంటే మాకు అంత మొహమాటమయింది."

ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఎక్కడో ఉండే పెద్ద కంపెనీ బోర్డుని పిల్లలకి చూపించి 'అది వ్యాపారం' అని చెప్పటం తేలిక. మన వీధిలోవాడు, మన పరుగుకి టీ షర్టులిచ్చినవాడు, మన పిల్లల్ని నవ్వించినవాడు, కష్టంలో చందా వేసినవాడు... వాడి సరుకు గురించి ఒక మాట అనాలంటే నోరు రాదు. ఇందులో బ్రూవరీ వాళ్ళ తప్పేమీ లేదు. నేను వాళ్ళ దగ్గరికి వెళ్ళాను, బీరూ బాగుంది. తప్పక చెప్పాల్సిన ఇంకో మాట. మన బేస్‌మెంట్లలో బార్లు కట్టించుకుని, పిల్లల పుట్టినరోజు పార్టీలో మగవాళ్ళంతా కిందికి దిగిపోయి, పైన సత్యనారాయణ వ్రతం ఫోటోలు పెట్టుకునే మనం, బ్రూవరీ పేరు చూసి ముక్కు మూసుకుంటే పిల్లలే నవ్వుతారు.

కమిటీ మీటింగు రెండున్నర గంటలు జరిగింది. హాలు అద్దె పెరిగిందని కోశాధికారి గారు లెక్క చూపించారు. నగల కొట్టువాళ్ళ దగ్గరా, ఇళ్ళమ్మే ఏజెంట్ల దగ్గరా తీసుకుంటున్నాం కదా, అప్పులు చేసి నగలు కొనేవాళ్ళు లేరా అని ఒకాయన అడిగారు. సరైన ప్రశ్నే. యువజన విభాగం నుంచి వచ్చిన కాలేజీ అమ్మాయి మాత్రం, "అంకుల్, ఐదు కిలోమీటర్లు పరిగెత్తేవాళ్ళలో సగం మందికి పదిహేనేళ్ళు లేవు," అంది. ఆ తర్వాత వాదన పలచబడింది.

చివరికి ఒక రాజీ కుదిరింది. సాయంత్రం పెద్దవాళ్ళ క్రికెట్ విందులో బ్యానరు పెట్టుకోండి, పరుగుకీ టీ షర్టులకీ మాత్రం వద్దు అని రాశాను. చాలా మర్యాదగా, వెంటనే జవాబిచ్చారు. టీ షర్టుల మీద పేరు లేకపోతే తమకి ఉపయోగం లేదట, వచ్చే ఏడాది చూద్దామన్నారు. మా అమ్మాయికి ఆ ఈమెయిల్ చూపించాను. రెండుసార్లు చదివి, "ఓ, వాళ్ళకి కావలసింది షర్టేనా," అని తన గదిలోకి వెళ్ళిపోయింది.

పరుగు జూన్ రెండో శనివారం, పొద్దున తొమ్మిదింటికి. చివర్లో మజ్జిగ ఉంటుంది. ధనియాలు, ఉప్పు వేసినదే. రెండు వేల డాలర్లు ఇంకా తక్కువున్నాయి. టీ షర్టు వెనక ఎనిమిది అంగుళాల చోటు ఖాళీగా ఉంది. కావలసినవాళ్ళు కోశాధికారి గారిని కలవండి.